క్లౌ దొర స్వీయచరిత్ర : ఒంగోలు చరిత్రకు అది ఇచ్చు సాక్ష్యము

1914వ సంవత్సరమున న్యూయార్కు నగరమందు మేక్మిలన్ కంపెనీవారు 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అను ఒక గ్రంథమును ప్రకటించిరి. 'ప్రాచ్యదేశమున సాంఘిక క్రైస్తవము' అని దీనిని తెలుగు చేయవచ్చును. ఒక మనుష్యుడు, ఒక మిషను, ఒక ఉద్యమము, ఈ మూటి కథ యని దాని ఉపశీర్షిక చెప్పుచున్నది. గ్రంథకర్త జాన్ ఎవరెట్ క్లౌ. అయితే ముఖపత్రముపై ఆయన పేరు క్రింద, ఆయన కొఱకు ఆయన భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వ్రాసిపెట్టినదను మాట కూడ కలదు. క్లౌ 1910 నవంబరు 24వ తేదీన అమెరికాలోని రాచెస్టరు నగరమున మరణించెను. కనుక 'నేను' అను ఉత్తమపురుషలో నడచు ఈ గ్రంథము, ఆ 'నేను' గతించిన నాలుగేండ్లకు గాని లోకమునకు రాలేదు. ఒంగోలు సీమ సాంఘిక చరిత్రకు ఇంతకంటె విరివిగా వాడబడిన ఆధారగ్రంథము వేఱొకటి లేదు. ఇంత తక్కువగా పరీక్షింపబడినదియు వేఱొకటి లేదని నా అభిప్రాయము.

ముందుగా భూగోళమును గుఱించి ఒక మాట. ఒంగోలు నేడు ప్రకాశము జిల్లాకు ముఖ్యపట్టణము. క్లౌ అచ్చట నివసించిన కాలములో అధికభాగము అది నెల్లూరు జిల్లాలోని తాలూకా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అందులో చేరెను. 1970లో ఒంగోలు జిల్లా యను ప్రత్యేకజిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశము జిల్లా యను పేరు పొందెను. ఈ మార్పులను మఱచి, పరిశోధక విద్యార్థులు కొందఱు 1878 నాటి ఒంగోలు సంగతులకై గుంటూరు జిల్లా కాగితములు తిరుగవేయుట నేను ఎఱుగుదును. పోయిన నెలలు తిరిగి రావు గదా. ఈ వ్యాసములో నెల్లూరు తీరమనగా ఆనాటి జిల్లా తీరమే యని గ్రహింపవలెను.

ఈ గ్రంథమును ఇప్పుడు మరల చదువవలసిన పని యేమని అడుగవచ్చును. 2,222 అను ఒక సంఖ్య కలదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున బాప్తిస్మము పొందిన వారి లెక్క యిది. దేవాలయములలోని ప్రసంగములలో ఇది అద్భుతముగా చెప్పబడుచున్నది. ఇతరుల వాదములలో ఇదే సంఖ్య, కఱవుకాలపు గింజలకు మతము అమ్ముడుపోయినదనుటకు నిదర్శనముగా చూపబడుచున్నది. ఉభయపక్షములవారును పోవునది ఈ పుస్తకము కడకే. ఆ రెండు వాదములలోను నీటిలో దిగిన 2,222 మంది మనుష్యులు కర్తలుగా కనబడరు. ఒకచోట వారు దైవకృపకు పాత్రలు, మఱియొకచోట ఆకలికి లోబడినవారు. వారు తమంత తాము ఏమి తలంచిరి, ఎట్లు నిర్ణయించుకొనిరి అను ప్రశ్నకు ఈ గ్రంథము సమాధానమేమైన ఇయ్యగలదా యనునదే ఇచ్చటి విచారణ.

నెల్లూరులో అమెరికను బాప్తిస్టు మిషనును స్థాపించినవాడు శామ్యూల్ డే. ఆయన 1836లో భారతదేశము చేరి, విశాఖపట్టణము, శ్రీకాకుళము, చెన్నపురి తిరిగి, 1840లో నెల్లూరున నిలిచెను. 1849లో లైమన్ జూయెట్ ఆయనతో చేరెను. పని సాగినదే కాని ఫలము స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో, ఈ మిషనును మూసివేయుదమా యను చర్చ జరిగెను. పటముమీద తెలుగుదేశమున వారికిగల ఒకే ఒక స్థానమును ఒంటరి నక్షత్రమని ఒకరు వర్ణింపగా, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ రాత్రియే దానిమీద పద్యములు వ్రాసెననియు, అవి విని సభ మనసు మార్చుకొనెననియు చెప్పుదురు. డేవిడ్ డౌనీ వ్రాసిన ఈ మిషను చరిత్రకు 'ది లోన్ స్టార్' అను పేరు వచ్చినది ఇందువలననే. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దంపతులును, క్రిస్టియను నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగువారును ఒంగోలు ప్రక్కనున్న కొండయెక్కి, ఆ యూరికి ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ యైదుగురిలో ముగ్గురు తెలుగువారన్న సంగతి పలువురు వ్రాయుట మఱతురు. 1862లో మరల మూసివేత ప్రస్తావన రాగా, స్వదేశమునకు సెలవుమీద పోయియున్న జూయెట్, తనను పంపకున్నను తానొక్కడే తిరిగి పోయెదనని పట్టుపట్టెను. ఆయన వెంట పంపబడిన యువకుడే క్లౌ.

క్లౌ 1836 జూలై 16వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి ఒక పల్లెలో జన్మించెను. కుటుంబము పడమటికి వలసపోగా అయోవా ప్రాంతమున పెరిగెను. బాల్యమున ఆయన నేర్చిన విద్య వేదాంతము కాదు, భూమి కొలుచుట. మిన్నెసోటా అరణ్యములలో ప్రభుత్వపు సర్వేయర్ల వెంట గొలుసు పట్టి తిరిగినవాడు. తరువాత కళాశాలలో చేరినప్పుడు మతానురక్తుడై, 1862లో పట్టభద్రుడై, 1864 నవంబరు 30వ తేదీన బోస్టనులో ఓడ యెక్కి, 1865 ఏప్రిలులో నెల్లూరు చేరెను. 1866 సెప్టెంబరులో ఒంగోలున కాపురము పెట్టెను. గొలుసు పట్టిన చేయి పెక్కేండ్ల పిమ్మట కాలువ త్రవ్వించుటకు పనికివచ్చినదను సంగతిని ఆయనయే సంతోషముతో తలచుకొనెను.

ఒంగోలులో ఆయనకంటె ముందే ఒక ఉద్యమము మొదలై యుండెను. ఈ గ్రంథములోని మిక్కిలి విలువైన సాక్ష్యము ఇదియే, దీనిని ఎంత నొక్కి చెప్పినను తప్పులేదు. ఎఱ్ఱగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమట తాళ్లకొండపాడు గ్రామమునకు చెందిన మాదిగ, తోలు వ్యాపారి. అంతకుమించి రాజయోగ సాధకుడు. ధ్యానమార్గమున ఉపదేశము పొంది, దానిని ఊరూర తన బంధుకోటికి బోధించి, గురువుగా మన్నన పొందియుండెను. వ్యాపారమై ఏలూరు దిక్కుగా పోయినప్పుడు క్రైస్తవబోధను గుఱించి విని, దానిని వెదకికొనుచు తిరిగి వచ్చెను. 1866లో, క్లౌ ఒంగోలు చేరుటకు పూర్వమే, పేరయ్యకును ఆయన భార్య నాగమ్మకును జూయెట్ బాప్తిస్మ మిచ్చెను. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు పోవునప్పటికి, పేరయ్య బోధవలన సిద్ధపడియున్నవారు ఆయన కొఱకు ఎదురుచూచుచుండిరి. చింతతోపులో కొన్నిదినములు బోధ జరిగిన పిమ్మట 28 మంది బాప్తిస్మము పొందిరి.

కాబట్టి ఒక దొర వచ్చి ఒక కులమును మార్చెనను వాక్యము వ్యాకరణరీత్యా సరియైనను చరిత్రరీత్యా తలక్రిందు. గురుశిష్యబంధము, వియ్యపు బంధము, తోలు వ్యాపారపు దారులు, ఈ మూడును ముందే పఱచియున్న మార్గమున క్రొత్తబోధ నడచినది. తెలుగునాట తక్కువ కులములవారిలో యోగమార్గము ప్రబలుట క్రొత్త సంగతి కాదు. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో మాదిగ కక్కయ్య కథ ప్రసిద్ధమే. వేమన పద్యములు ఆ గుడిసెలలో ఎంతగా వినబడెడివో వేఱుగా చెప్పనక్కఱలేదు. విగ్రహము వలదు, కులము వలదు, గురువు కావలెను అను భావము అక్కడ పాతుకొనియుండెను. పేరయ్య మతము మార్చుకొనినను గురుత్వము మార్చుకొనలేదు. ఆయన వెంట ఆయన శిష్యులు నడచిరి.

క్రైస్తవులగువారిని క్లౌ మూడు నియమములు మాత్రమే అడిగెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వినుటకు ఇవి చిన్నవి. కాని ఆనాటి గ్రామవ్యవస్థ తెలిసినవారికి ఈ మూడును మూడు గొడ్డలిపెట్టులుగా కనబడును. ఒక్కొక్క మాదిగ కుటుంబము కొన్ని కాపు కుటుంబములకు కట్టుబడి యుండెడిది. కపిల బావులకు తోలుబాన కుట్టుట, అది చినిగినప్పుడు బాగుచేయుట, చెప్పులు, పగ్గములు, కాడికట్లు సమకూర్చుట వారి పని. దీనికి ప్రతిఫలము రొక్కము కాదు, పంటకాలమున కళ్లములో పెట్టు గింజలు. చచ్చిన పశువు వారి హక్కు. దాని తోలునుండియే బాన పుట్టవలెను. జాతరలలో డప్పు వాయించుట వారి విధి. ఇప్పుడు ఆదివారము పని లేదన్నచో వారమునకొకదినము తెగిన బాన అట్లే యుండును, మడి యెండును. విగ్రహము వలదన్నచో గ్రామదేవత కొలువునకు డప్పు ఆగిపోవును. డప్పు ఆగిన యేడు కలరా వచ్చినచో నింద యెవరిమీద పడునో ఊహింపవచ్చును. కరణములును మునసబులును కొందఱు వీరిని బావులకు రానీయక, తప్పుడు అభియోగములలో ఇఱికించిరని గ్రంథము చెప్పుచున్నది. ఈ తగవులు కేవలము మతద్వేషములని క్లౌ తలంపకపోవుట గమనింపదగినది. ఊరి బ్రతుకులో ఒక కట్టు సడలినప్పుడు తక్కిన కట్లన్నియు బిగియునని ఆయనకు తెలియును. అందుచేతనే క్రొత్త క్రైస్తవులను ఊరినుండి విడదీసి మిషను ఆవరణములలో కాపురముంచుటకు ఆయన ఒప్పుకొనలేదు. వారి పంచాయతులను చెఱుపక, పెద్దలచేతనే తగవులు తీర్పించెను.

ఇచ్చట ఒక కథను పరీక్షింపవలెను. ఒంగోలు చేరిన తొలిదినములలో పై కులములవారు కొందఱు క్లౌ కడకు వచ్చి, ఈ మాదిగలను చేర్చుకొననిచో తామును తమవారును వచ్చెదమనియు, చేర్చుకొన్నచో రామనియు చెప్పిరట. ఆయన తన గదిలోనికి పోయి ఎదుటనున్న బైబిలు తెఱవగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమున, లోకములో నీచులుగా నెంచబడినవారిని దేవుడు ఏర్పఱచుకొనెనను భాగము కనబడెను. అదే సమయమున ఆయన మొదటి భార్య హారియెట్ వేఱొక గదిలో వేఱొక ప్రతిని తెఱవగా అదే భాగము వచ్చెను. ఇద్దఱును కలిసికొని ఆశ్చర్యపడి, మాదిగలను చేర్చుకొనుటకే నిశ్చయించిరి. గ్రంథము తెఱచి శకునము చూచుట మనకు క్రొత్త కాదు; రామాయణము తెఱచి చూచువారిని మన పెద్దలలో నేనును ఎఱుగుదును. క్రైస్తవలోకములో అగస్టీను కాలమునుండి ఈ మార్గము కలదు. ఇట్లు రెండు గదులలో ఒకే పుట తెఱవబడుట అబద్ధమని నేననను. కాని ఈ కథ చేయుచున్న పని యేమి? ఒక కఠినమైన నిర్ణయపు భారమును అది మనుష్యుని భుజముమీదినుండి దించుచున్నది. తాళ్లకొండపాడులో బాప్తిస్మము జరిగిన పిమ్మట ఆ నిర్ణయము నిజముగా క్లౌ చేతిలో ఉండెనా? పేరయ్య బంధువులు అప్పటికే వచ్చియుండిరి. వారిని కాదనుటకు మిగిలిన అవకాశము మిక్కిలి స్వల్పము.

ఇక కఱవు. 1876లో వానలు పోయెను. 1877లో మరల పోయెను. చెన్నపురి రాజధానిలోను మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతములలోను వ్యాపించిన ఈ ఉపద్రవమున, బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతములందే 50 లక్షలకు పైగా జనులు గతించిరని లెక్క. పనికి వచ్చు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము ఆధారముగా కూలి యుంచవలెనని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయింపగా, అది ప్రాణము నిలుపుటకు చాలదని రాజధాని ఆరోగ్యాధికారియగు కార్నిష్ వాదించెను. అప్పటి చెన్నపురి గవర్నరు బకింగ్‌హాము ప్రభువు. తీరము వెంబడి ఉప్పునీటి కాలువను త్రవ్వించు పని కఱవుపనులలో ఒకటి యయ్యెను. అందుచేత ఆ కాలువకు ఆయన పేరే నిలిచినది. ఒంగోలు ప్రాంతమున ఆ కాలువలో 3½ మైళ్ల భాగమును క్లౌ గుత్తకు తీసికొనెను.

బోధకుడు గుత్తేదారు కావలసిన అవసరమేమి? ప్రభుత్వపు కఱవుపనులలో మేస్త్రీలు పై కులములవారు. మాదిగలు పనికి పోయినచో మట్టి కొలతలో మోసము, కూలిలో కోత, తిట్లు, దెబ్బలు. తన జనమును తన మేస్త్రీల క్రింద పని చేయించినగాని వారు బ్రతుకరని ఆయనకు తోచెను. ఒంగోలుకు సుమారు పది మైళ్ల దూరమున రాజుపాలెము కడ తాటాకు గుడిసెలతో విడిది వేయించి, తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. మిన్నెసోటాలో నేర్చిన సర్వేవిద్యతో పనిని భాగములుగా కొలిచి పంచెను. పని చేసినవారికి దినదినము కూలి ముట్టెను. క్రైస్తవులే కాక అన్ని కులములవారును వచ్చి త్రవ్విరి. సాయంకాలము పారలు దించి కూర్చుండినప్పుడు బోధకులు వారితో మాటలాడెడివారు. ప్రయాసపడి భారము మోయుచున్నవారిని రమ్మని పిలుచు మత్తయి సువార్తలోని వాక్యము క్లౌ ఎక్కువగా ఎత్తుకొనునది. నెత్తిమీద మట్టితట్ట పెట్టుకొన్నవానికి ఆ వాక్యమునకు వ్యాఖ్యానము అక్కఱలేదు. ఊరూర తిరిగినను కలిసికొనజాలని వేలాది జనులు నెలల తరబడి ఒకచోట ఉండి, తమ ఊళ్లకు ఆ మాటలను మోసికొనిపోయిరి. ఉద్యమము వ్యాపించిన విధము తెలియవలెనన్నచో గుండ్లకమ్మ రేవుకంటె ఈ కాలువగట్టును ముందు చూడవలెను.

కఱవుకాలమున తమను చేర్చుకొమ్మని గుంపులు గుంపులుగా వచ్చిరి. క్లౌ ఒప్పుకొనలేదు. సుమారు పదునైదు నెలలు ఆయన ఒక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు. గింజల కొఱకు వచ్చిరన్న మాట రాగూడదనియే ఈ నిషేధము. 1878 నడుమ సహాయపు ధనము ముగియవచ్చినది. ఇక ఇచ్చుటకు తనకడ ఏమియు లేదని తెలియజేసి, బోధకులను మాత్రము గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికి రమ్మని వర్తమానము పంపెను. వారి వెంట జనము కదలివచ్చెను. ఇంటికి పొమ్మన్నను పోలేదు. తమకు రూకలు అక్కఱలేదనియు, చేర్చుకొనుట మాత్రము కావలెననియు వారు పట్టుపట్టిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు ఆ లెక్క 9,606కు చేరెను.

జూలై 3వ తేదీ లెక్కమీద పడమటిదేశములందు ఒక విచిత్రమైన చర్చ సాగెను. బైబిలులో పెంతెకొస్తు దినమున మూడువేలమంది చేర్చబడిరని యున్నది. ఒక్కదినమున అందఱిని నీట ముంచుట సాధ్యమా యని బాప్తిస్టులను ఇతరులు ఎగతాళి చేసెడివారు. వెల్లంపల్లి దానికి ప్రత్యుత్తరమయ్యెను. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దఱిద్దఱు చొప్పున వంతులువారిగా నీటిలో నిలిచి, సుమారు తొమ్మిది గంటలలో పని ముగించిరి. లెక్క వేసి చూచితిని: ఒక్కొక్కరికి అరనిమిషము. తొందర లేకయే ఇది సాధ్యము. క్లౌ తాను నీట దిగలేదు. ఆ దినమున బాప్తిస్మమిచ్చిన చేతులన్నియు తెలుగు చేతులే. ఈ మాట గ్రంథములో స్పష్టముగానున్నను, క్లౌ 2,222 మందికి బాప్తిస్మ మిచ్చెనని వ్రాయువారు నేటికిని కలరు. ఒక వేసవిలో నేను వెల్లంపల్లి రేవు చూడబోయితిని. ఇసుకమేటల నడుమ నీరు మోకాలి బంటి. గట్టున బట్టలుతుకుచున్న ఒక వృద్ధుని అడుగగా, 'దొర కాదండీ, మా పేరయ్య తాత' అని ఆయన జవాబు చెప్పెను. ఆయన మాట చరిత్రకారునికి ఆధారము కాకపోవచ్చును. అయినను నూటయేబది యేండ్ల జ్ఞాపకము ఏ దిక్కునకు మొగ్గుచున్నదో అది చూపినది.

గింజల కొఱకు వచ్చిరను ఆక్షేపణకు ఈ గ్రంథమిచ్చు సమాధానము కాలక్రమము: బాప్తిస్మములు సహాయము ఆగిన పిమ్మట జరిగినవి. ఈ సమాధానము బలమైనదే కాని సంపూర్ణము కాదు. కఱవు ముగిసినను ఆకలి భయము ముగియదు. మఱల కఱవు వచ్చినచో ఎవరి నీడన నిలువవలెనను ఆలోచన పేదవానికి సహజము. అది నీచమైన ఆలోచనయు కాదు. తమను మోసగింపని మేస్త్రీని, తమ పేరు పిలిచి కూలి యిచ్చిన గుమాస్తాను, తమతో ఒక గుడిసె క్రింద జబ్బుపడిన బోధకుని చూచి, వీరితో చేరుదమని నిశ్చయించుకొనుట కడుపు చేసిన నిర్ణయమో ఆత్మ చేసిన నిర్ణయమో విడదీయవలసిన పని మనకేమి? ఆనాటి మనుష్యుడు వానిని విడదీసికొని బ్రదుకలేదు.

ఇదే సంవత్సరములలో చైనాలో జరిగిన సంగతి ప్రక్కన పెట్టి చూచిన విషయము మఱింత తేటపడును. 1876 మొదలు 1879 వఱకు ఉత్తర చైనాలో సంభవించిన కఱవున 95 లక్షలు మొదలు 1 కోటి 30 లక్షల వఱకు జనులు మరణించిరని అంచనా. పసిఫిక్ సముద్రజలములు వేడెక్కుటవలన కలుగు ఎల్ నిన్యో అను మార్పే ఆ కఱవునకును మన కఱవునకును ఉమ్మడి కారణమని నేటి వాతావరణశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అచ్చటను ఒక బాప్తిస్టు బోధకుడుండెను. వేల్సు దేశస్థుడగు తిమోతి రిచర్డ్ 1870లో చైనా చేరి, షాంటుంగ్‌లోను పిమ్మట షాన్సీలోను కఱవుసహాయము నడిపెను. ఆయనయు గ్రంథకర్త. 'చైనాలో నలుబదియైదేండ్లు' అను ఆయన స్వీయచరిత్ర 1916లో, అనగా క్లౌ గ్రంథమునకు రెండేండ్ల తరువాత వెలువడెను. ఇద్దఱును ఒకే మతశాఖవారు, ఒకే ఉపద్రవమును చూచినవారు. కాని ఆ కఱవునుండి వారు నేర్చిన పాఠములు వేఱు. ప్రకృతిశాస్త్రము, రైలుమార్గములు, క్రొత్త పరిశ్రమలు తెలిసిన అధికారులుండినచో ఇన్నిలక్షల మంది చావరని రిచర్డ్ తలంచెను. షాన్సీ రాజధాని తైయువాన్‌లో అధికారులకును పండితులకును శాస్త్రవిషయములపై ఉపన్యాసములిచ్చెను. 1891 మొదలు షాంఘైలో ఒక గ్రంథప్రచురణ సంఘమునకు కార్యదర్శియై, చీనాభాషలో చరిత్ర, శాస్త్రగ్రంథములు వెలువరించి, సంస్కరణవాదులగు విద్వాంసులకు మిత్రుడయ్యెను. ఆయన మార్గము మీదినుండి క్రిందికి. క్లౌ మార్గము క్రిందినుండి. ఇది స్వభావభేదము మాత్రమే కాదు. చైనాలో పరీక్షలు నెగ్గిన పండితవర్గము రాజ్యమును నడుపుచుండెను. దానిని కదలించిన దేశము కదలునను ఆశకు చోటుండెను. ఒంగోలులో అట్టి వర్గమునకు రాజ్యము లేదు, క్లౌకు ఆ వర్గము రాలేదు. వచ్చినవారితో ఆయన పని చేసెను.

ఇక గ్రంథకర్త్రిని గుఱించి. ఎమ్మా రౌషెన్‌బుష్ 1882లో చెన్నపురికి బోధకురాలిగా వచ్చెను. హారియెట్ 1893లో గతింపగా, 1894లో క్లౌను వివాహమాడెను. స్విట్జర్లండులోని బెర్న్ విశ్వవిద్యాలయమున, స్త్రీహక్కులను గుఱించి వ్రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందినది. అమెరికాలో సాంఘిక సువార్త అను ఉద్యమమునకు ముఖ్యుడగు వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. దారిద్ర్యము, కూలి, సంఘన్యాయము, వీనిని విడిచి మతము లేదను ఆయన గ్రంథము 1907లో వెలువడినది. 1914 నాటి పుస్తకము పేరులోని 'సాంఘిక' అను మాట ఆ యింటి మాటయే. మాదిగ పంచాయతిలోను, బంధువులందఱు కూడి ఒక్కటిగా నిర్ణయించుకొను పద్ధతిలోను, మొదటి శతాబ్దపు క్రైస్తవసంఘపు పోలిక కలదని ఆ గ్రంథము పలుమాఱులు చెప్పును. 1867లో చింతతోపులో కూర్చున్న ముప్పదియేండ్ల సర్వేయరు ఇట్లు తలంచెనా, లేక 1907 తరువాత రాచెస్టరులో ఆయన చెప్పుచుండగా వ్రాసికొన్న విదుషీమణి ఇట్లు తలంచెనా? పెక్కుచోట్ల రెండవదియే నిజమని నాకు తోచుచున్నది. కఱవును ఆమె కన్నులార చూడలేదు. ఆమె వచ్చునప్పటికి అది ముగిసి నాలుగేండ్లు. ఆ ప్రకరణములలో కొలతలు, కూలి, మట్టి, గుడిసెలు, వీనిని గుఱించిన వాక్యములు పొట్టివి, కఠినములు, అవి క్లౌవి. వాని తరువాత వచ్చు దీర్ఘమైన ఆలోచనలు ఆమెవి. ఈ భేదము శైలిని పట్టి గుర్తింపవచ్చును. పరిశోధక విద్యార్థి యొకడు ఒక్క కఱవు ప్రకరణమును తీసికొని ఈ పరీక్ష చేసినను మేలు.

ఇందుకు సాయపడునది ఆమె సొంతపేర 1899లో వెలువడిన 'వైల్ సోయింగ్ సాండల్స్', అనగా 'చెప్పులు కుట్టుచు' అను గ్రంథము. ఒంగోలు బోధకులు, వారి తల్లులు, వృద్ధులు చెప్పిన కథలను విని వ్రాసిన పుస్తకమిది. మాతంగి కొలువును గుఱించి ఇందులోని వర్ణనను థర్‌స్టన్ 1909 నాటి దక్షిణదేశ కులముల సంపుటములలో వాడికొనెను. పేరయ్య యోగసాధన కథ ఇచ్చట 1914 నాటి గ్రంథములోకంటె నిండుగా కలదు. అప్పటికి క్లౌ సజీవుడు. పేరయ్యతో తిరిగినవారు ఒంగోలులోనే యుండిరి. తప్పు చెప్పినచో దిద్దువారు చెంతనే కలరు. కనుక ఈ రెండు పుస్తకములు పరస్పరము విభేదించుచోట నేను 1899 నాటిదానిని నమ్ముదును. మతప్రచార గ్రంథమని మన తెలుగుశాఖలు దీనిని దూరముగా నుంచినవి. మాదిగల నోటిమాటలు ఇంత విస్తారముగా అచ్చుకెక్కిన తొలిగ్రంథములలో ఇది యొకటి. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలము' వెలువరించుటకు నలుబది యేండ్ల పూర్వపుది.

ఒక లోపము మాత్రము రెండు గ్రంథములకును సమానము. పేరయ్య పలికిన మాటలు, కరణము పలికిన మాటలు, క్లౌ పలికిన మాటలు అన్నియు ఆంగ్లమున ఒకే తీరున వినబడును. ఆ భాషలో మధ్యమపురుషకు ఒక్కటే మాట. పేరయ్యను క్లౌ 'నీవు' అనెనా, 'మీరు' అనెనా? తన శిష్యులచేత 'మీరు' అనిపించుకొన్న గురువును మునసబు ఏమని పిలిచెను? కాలువగట్టున మేస్త్రీయైన మాదిగ బోధకుడు, త్రవ్వుటకు వచ్చిన కాపువానిని ఏకవచనమున పిలిచెనా, బహువచనమునా, పిలిచినప్పుడు వాడు పార క్రింద పెట్టెనా, పెట్టలేదా? 1878లో ఆ 3½ మైళ్ల పొడవున మాఱినదేదో ఈ ఒక్క వచనభేదములో తెలిసియుండెడిది.